సెల్లులో సంత

రాజులూ సెల్‌ఫోన్లూ ఒకేసారి ఉన్న రోజులవి. ఎలా ఉన్నాయని మాత్రం నన్నడక్కండి. మంగళవారం సంతలో అమ్ముకునేవాళ్ల దగ్గర ఆశీలు వసూలు చేసే హక్కును సత్తెంనాయుడు వేలంలో పాడుకున్నాడు. తుంగచాపలల్లే దాలమ్మ ఆ సంతకు రావడం మానేసింది. అయినా ఆమె ఇంటినుంచి బండెడు చాపలు పొరుగు రాజ్యాలకు పోతున్నాయి. నాయుడు బుర్ర గోక్కున్నాడు. సంతకు రాకుండా అమ్మకమేమిటి?

వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎక్కడ అమ్ముతున్నావే?"

దాలమ్మ సెల్లు చూపించింది. "ఇంటర్నెట్టులో బాబూ. చాప ఫోటో పెడితే ఎక్కడెక్కడివాళ్లో కొంటున్నారు."

"అయితే అదీ సంతే! ఆశీలు కట్టు. లేకపోతే బండి కదలదు."

దాలమ్మ సరేనంది. సెల్లును అరుగు మీద పెట్టి, లోపలినుంచి చీపురు తెచ్చి నాయుడి చేతికిచ్చింది. "ఆశీలు తీసుకునేవారే సంత ఊడ్పించాలని రాజుగారి కట్టడి కదా. కానివ్వండి బాబూ."

నాయుడు సెల్లును తిప్పి చూశాడు, బోర్లించి చూశాడు. "ఎక్కడ ఊడ్చమంటావే?"

"వసూలు చేసే చోటు కనబడింది గానీ, ఊడ్చే చోటు కనబడలేదా బాబూ?"

బండి కదిలింది. చీపురు మాత్రం నాయుడి చేతిలోనే ఉండిపోయింది.