ఏట్లో లోతు

పాలితుడికి ఆ వేసవంతా నిద్ర సరిగా పట్టలేదు. ఏటి ఒడ్డున కొండ మీదున్న బౌద్ధ విహారంలో కట్టడాల పని అతని చేతిలో పెట్టారు. వానలు మొదలయ్యేలోగా భిక్షువులందరూ తలదాచుకునే కొత్త శాల పూర్తి కావాలి. గోడలు చూస్తే మోకాలి ఎత్తు దాటలేదు.

పని చేయవలసినవాళ్ళు తోటి భిక్షువులే. ఇటుక మోయమంటే మోస్తారు. కానీ ఆ మోసే తీరు చూస్తే పాలితుడికి ఒళ్ళు మండిపోయేది. ఒక్కో ఇటుకనూ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తెస్తారు. దింపి, కాసేపు ఆకాశం చూసి, మళ్ళీ కదులుతారు. అందరిలోకీ సుమనుడనే ముసలి భిక్షువు మరీ అన్యాయం. పిలిస్తే గానీ లేవడు.

ఒకరోజు తెల్లవారుతూనే, భిక్షకు బయలుదేరిన గురువు చంద్రముఖ స్థవిరుడి వెంటపడి పాలితుడు తన గోడు వెళ్ళబోసుకున్నాడు.

“భంతే, నేనేమీ నా ఇష్టం వచ్చినట్టు చేయడం లేదు. ప్రతి పనినీ సంఘం ముందు పెట్టాను. మన ఆచారం ప్రకారం మూడుసార్లు అడిగాను. ‘సమ్మతమైనవాళ్ళు మౌనంగా ఉండండి, కానివాళ్ళు మాట్లాడండి’ అన్నాను. ఏనాడూ ఒక్కరూ నోరెత్తలేదు.” ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా లేకపోలేదు. “సభలో ఒప్పుకుంటారు, పనిలో కాళ్ళీడుస్తారు. ఇది బద్ధకం కాక మరేమిటి?”

“ఏం చేద్దామనుకుంటున్నావు?”

“సుమనుణ్ణి విహారం నుంచి పంపేద్దామని రేపు సంఘాన్ని అడుగుతాను. ఒక్కణ్ణి పంపితే మిగతావాళ్ళు దారికొస్తారు.”

వానలు ముంచుకొస్తున్న వేళ, ఆ వయసులో, సుమనుడు ఎక్కడికి పోతాడు? గురువు ఆ మాట అడగలేదు. “ఊఁ” అని నడిచాడు.

ఏటి దగ్గరికి వచ్చారు. ఊరు అవతలి ఒడ్డున ఉంది. రోజూ దాటేది కాస్త దిగువన, రాళ్ళు తేలిన చోట. ఆ రోజు గురువు ఎగువనే ఆగాడు. అక్కడ నీళ్ళు నల్లగా, నిదానంగా తిరుగుతున్నాయి.

“ఇక్కడ దాటుదాం. సమ్మతమైతే మౌనంగా ఉండు, నాయనా.”

 పాలితుడు ఆ ఏటి ఒడ్డునే పుట్టి పెరిగినవాడు. అక్కడ మనిషి మునిగే లోతుందని తెలుసు. గురువుకు ఈత రాదనీ తెలుసు. చెప్పడానికి నోరు తెరవబోయాడు. అంతటి మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా? చెప్పడానికి తనెవరు? నోరు మూసుకున్నాడు.

గురువు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఏటి చప్పుడే వినిపించింది.

ముసలాయన ఒంటిమీది చీవరం ఎగగట్టి, భిక్షాపాత్ర నెత్తిన పెట్టుకుని నీళ్ళలో దిగాడు. వెనకే పాలితుడు. ఒక అడుగు వేస్తాడు, ఆగుతాడు, కాలితో ఇసుక తడుముతాడు, అవతలి ఒడ్డు చూస్తాడు. గురువుకు నీళ్ళు నడుము దాటాయి, ఛాతీ దాటాయి. శిష్యుడికి ఇంకా మోకాళ్ళు తడవలేదు.

నీళ్ళు గడ్డాన్ని తాకుతుండగా గురువు వెనక్కి తిరిగాడు. మొహంలో బెదురు లేదు.

“ఏం నాయనా, వెనకబడ్డావు? బద్ధకమా?”

“భంతే, ఇంకొక్క అడుగు వేయకండి!” పాలితుడు కేక పెట్టాడు. “అక్కడ లోతు! మునిగిపోతారు!”

“ఎప్పటినుంచి తెలుసు?”

 పాలితుడు నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళి గురువు చేయి పట్టుకున్నాడు.   ఈత రాని ఈ ముసలాయన, తన నోటినుంచి ఒక్క మాట రాబట్టడానికి మెడలోతుదాకా నడిచాడు. ఆ మాట రాకపోయి ఉంటే? పాలితుడు ఆ మొహంలోకి చూశాడు. గురువు ఇంకో అడుగు కూడా వేసేవాడే. ఆ సంగతి అర్థమయ్యేసరికి అతనికి ఏటి మధ్యలోనే సాగిలపడాలనిపించింది.

 ఇద్దరూ దిగువకు వెళ్ళి రాళ్ళ మీదుగా ఏరు దాటారు. తడిబట్టలతోనే ఊళ్ళో భిక్ష అడిగారు.

మర్నాడు పొద్దున సంఘం కూడింది. పాలితుడు ఏం అడగబోతున్నాడో అప్పటికే అందరి చెవినా పడింది. సుమనుడు తన చాప, పాత్ర ముందే సర్దుకుని వచ్చి కూర్చున్నాడు.

పాలితుడు లేచాడు. అలవాటైన మాటలు పలకలేదు. తన ఆసనం వదిలి నడిచివెళ్ళి, సుమనుడి ముందు కటిక నేల మీద కూర్చున్నాడు.

“భంతే, నేను కట్టిస్తున్న శాలను మీరు రోజూ చూస్తున్నారు. లోతు ఎక్కడుందో, నేనెక్కడ మునుగుతానో చెప్పండి.”

సుమనుడు నమ్మలేనట్టు చూశాడు. గురువు వైపు తిరిగాడు. గురువు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముసలి భిక్షువు గొంతు సవరించుకుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత పక్కనున్నవాడు, ఆ తర్వాత వెనకవాడు.

భిక్షువులు మధ్యాహ్నం దాటాక ముద్ద ముట్టరు. ఆ రోజు పొద్దు నడినెత్తి దాటిపోయింది. పాత్రలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఒక్కరూ లేవలేదు.