పెంకులో నిప్పు

అనగా అనగా, ఏటి ఒడ్డున కుందవరం అనే రాజ్యం, దానికి రత్నకేతు అనే రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి దూస్తే లోకం వంగుతుందనుకునేవాడు. రెండోవాడు బంగారం చూపిస్తే వంగుతుందనుకునేవాడు. మూడోవాడైన మణికేతుకు లోకాన్ని వంచాలన్న ఆలోచనే రాలేదు. వంటింట్లో అవ్వల దగ్గర కూచుని కబుర్లు చెప్పేవాడు.

ఒక చలికాలం తెల్లవారేసరికి రాజ్యంలో ఒక్క పొయ్యిలోనూ నిప్పు లేదు. చెకుముకి రాళ్ళు కొట్టారు, రవ్వ రాలేదు. ఏడు సముద్రాల అవతలి ధూమాక్షుడనే మాంత్రికుడు నిప్పంతా లాగేసుకున్నాడని తెలిసింది. రాజుగారు కూడా నానబెట్టిన అటుకులే తిన్నారు. అదేం కష్టమంటారా? బాలింతల గదుల్లో కుంపట్లు ఆరిపోయాయి. పసికందులు చలికి నీలం తిరిగిపోతున్నారు. అదీ కష్టం.

పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు బంగారం మూట కట్టుకుని వెళ్ళాడు, వాడూ రాలేదు. మరి మూడోవాడు ఏం పట్టుకెళ్ళాడో తెలుసా? ఒక కుండపెంకు, సంచీడు పిడకలు. మంత్రులు ముసిముసి నవ్వులు నవ్వారు.

"పొరుగింటికి నిప్పుకు వెళ్ళేవాళ్ళు పట్టుకెళ్ళేవి ఇవే కదా," అన్నాడు మణికేతు.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తోంది. మణికేతు పెంకు కింద పెట్టి, భుజం ఆనించి దాన్ని తిరగేశాడు.

"నీకంటే ముందు ఇద్దరు వచ్చారు," అంది తాబేలు. "ఒకడు నన్ను చూడనే లేదు. ఇంకొకడు, తిరగేస్తే ఏమిస్తావని బేరం పెట్టాడు. నువ్వేం అడగవా?"

"నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డావుగా, చాలు. వెళ్ళొస్తా."

"ఈదుకుంటూ పోతావా ఏమిటి? వీపెక్కు."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. దారిలో తాబేలు రహస్యం చెప్పింది. "వాడి ప్రాణం వాడి కూతురు పెంచే చిలకలో ఉంది. పట్టుకుని మెడ నులిమితే సరి."

మాంత్రికుడి వాకిట్లో అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. అరుగు మీద మాంత్రికుడి కూతురు చెంగల్వ చిలకకు జామపండు తినిపిస్తోంది. "ఇంట్లో ఎవరన్నా ఉన్నారా?" అని మణికేతు పిలిచాడో లేదో, చిలక ఎగిరొచ్చి అతని అరచేతిలో వాలింది.

"మా కుందవరం యాస. ఎన్నాళ్ళకు విన్నాను," అంది చిలక.

మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు. తన ప్రాణం ఎవరి గుప్పిట్లో ఉందో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నులమాలంటే క్షణం పట్టదు. కానీ చిలక మాట విన్నాక మణికేతుకు చెయ్యి రాలేదు.

"మామా, మా పొయ్యిలో నిప్పారిపోయింది. ఈ పెంకులో కాస్త నిప్పు పెడతావా?" అన్నాడు.

ధూమాక్షుడు అక్కడే కూలబడ్డాడు. "ఈ మాటే నేనూ అడిగాను, మీ ఊళ్ళో, ఇంటింటికీ తిరిగి."

కుందవరంలో ఏటా చలికాలంలో, ఏరు తగ్గాక, ఏటిగట్టుకు ఇంటికో మనిషి మట్టి మొయ్యాలి. రాని ఇంటిని వెలివేసేవారు. నిప్పు పెట్టేవారు కాదు, నీళ్ళు పోసేవారు కాదు. ఒక ఏడు ధూమాక్షుడి తండ్రి రాలేదు. ఇంట్లో భార్య జ్వరంతో మంచం పట్టి ఉంది మరి. పెంకు పట్టుకుని పిల్లవాడు ఊరంతా తిరిగినా ఒక్క గుమ్మంలోనూ నిప్పు పుట్టలేదు. ఆ చలికి వాడి తల్లి పోయింది. వాడు ఊరొదిలి, సముద్రాలు దాటి, మంత్రాలు నేర్చాడు.

మణికేతుకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "తప్పు మా ఊరిదే మామా. ఎందుకు రాలేదని ఒక్కరూ వచ్చి అడగలేదు. కానీ నువ్వు మాత్రం అడిగావా? ఆనాటివాళ్ళు ఎప్పుడో పోయారు. ఇవాళ వణికేది మొన్న పుట్టినవాళ్ళు. ఏ గట్టుకు రాలేదని వాళ్ళను వెలివేశావు?"

అని గుప్పిలి తెరిచి చిలకను వదిలేశాడు.

ధూమాక్షుడు పెంకు అందుకున్నాడు. చెంగల్వ అంది, "పెంకు నిండా పెట్టు నాన్నా. దూరాభారం, దారిలో ఆరిపోతుంది. ఊదడానికి మనమూ వెళ్దాం."

ధూమాక్షుడు మంత్రజలం చల్లగానే అన్నలు మళ్ళీ మనుషులయ్యారు. అందరూ తాబేలు వీపెక్కి, వంతులవారీగా పిడక ముక్కలు వేసి ఊదుతూ బయలుదేరారు. కత్తి పట్టిన పెద్దన్నగారికి పొగకు ఒకటే దగ్గు.

ఊరి పొలిమేరలో పెద్దలు అడ్డం నిలిచారు. "నిప్పు రానీ. వాడు రాకూడదు," అన్నారు.

"అయితే నేనూ రాను," అన్నాడు మణికేతు.

అప్పుడు మణికేతు నోట ఆనాటి సంగతంతా విని, రాజు రత్నకేతు పెద్దలను తప్పించుకుని చెప్పులు లేకుండా ముందుకొచ్చాడు. ఆయన చేతిలో కూడా ఒక పెంకుంది. "బావా, ఆనాడు మా నాన్నగారి ఏలుబడిలో నీకు నిప్పు పెట్టలేదు. తప్పయింది. ఇవాళ నువ్వు మాకు కాస్త పెడతావా?" అన్నాడు. ధూమాక్షుడు ఆ పెంకులో నిప్పు పెట్టాడు. మధ్యాహ్నానికి ప్రతి ఇంటి మీదా పొగ లేచింది.

గట్టుకు రాని ఇంటికి ముందు ఇద్దరు వెళ్ళి ఏం కష్టమొచ్చిందో కనుక్కోవాలని రాజు చాటింపు వేయించాడు. మామా అని నోరారా పిలిచినవాడికి పిల్లనివ్వక తప్పుతుందా? చెంగల్వకూ మణికేతుకూ పెళ్ళి జరిగింది. అన్నలు మాకొద్దంటే రాజ్యమూ మణికేతుకే వచ్చింది. ఆ ఇద్దరూ చల్లగా, చాలాకాలం ఏలారు.

పెళ్ళయిన మరుసటి ఏడు గట్టు పనికి ధూమాక్షుడు కాస్త ఆలస్యంగా వచ్చాడు. మట్టి తట్ట నెత్తినున్న ఒక ముసలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏం అన్నయ్యా, పొద్దెక్కాకా రావడం? నీ వంతు ఎవరు మోస్తారనుకున్నావు?" అని చీవాట్లు పెట్టింది.

ఆ ఊళ్ళో తనకూ ఒక వంతుందని అతనితో అన్న మొదటి మనిషి ఆవిడే. ధూమాక్షుడు కళ్ళు తుడుచుకుని తట్ట ఎత్తుకున్నాడు. కథ నేను చెప్పాను, మీరు విన్నారు, ఇక పడుకోండి.