హవల్దారు గారు తెచ్చిన చెప్పులు

నాగుల్ మీరాకి వచ్చిన కష్టమేంటంటే, రాసుకున్న పదకొండు పేజీల్లో ఒక్క లైను కూడా కొట్టెయ్యబుద్ధి కావట్లేదు.

ఊళ్ళో పెద్దాయన, హవల్దారు కాశిం సాహెబు, తొంభై మూడేళ్ళు నిండుగా బతికి పోయాడు. తెల్లారితే ఆయన పోయి నలభయ్యో రోజు, సభా భోజనాలూ. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పే పని నాగుల్ మీరాకి అప్పజెప్పారు. పోయినసారి ఎవరిదో సంతాప సభలో ఇతను మైకు పట్టుకుంటే పలావు చల్లారిపోయింది, జనం సగంలో లేచిపోయారు. ఈసారీ అదే అయితే ఇంక జన్మలో మైకు చేతికివ్వరు. అందుకే కొత్త బూట్లు కూడా కొన్నాడు. కాస్త వదులు. నడిస్తే టపటపమంటాయి.

ఆ టపటపతోనే గురువు బాజీ తాత దగ్గరికెళ్ళాడు. పొద్దున్నే దర్గా ఊడ్చి, పగలంతా పరుపులు కుట్టుకునే ఫకీరాయన.

"దీవించండి గురువుగారూ. రెండు యుద్ధాలు, ఆరుగురు పిల్లలు, తొంభై మూడేళ్ళు. ఏదీ వదల్లేదు."

"చదువు."

"శత్రువుల గుండెల్లో నిద్రపోయిన సింహం..."

మూడో పేజీకి తాత సూది పక్కన పెట్టాడు. "హవల్దారు గారి పెట్టె తాళం తుప్పు పట్టిందంట. హుస్సేనమ్మ తీసిపెట్టమంది. నువ్వూ రా."

దారంతా సింహం గర్జిస్తూనే ఉంది. గుమ్మంలోకి వచ్చేసరికి హవల్దారు గారి భార్య హుస్సేనమ్మకి వినపడనే వినపడింది.

"ఎవర్రా సింహం?"

"మన హవల్దారు తాతే అవ్వా."

"ఆయనా? బల్లిని చూస్తే మంచమెక్కేవాడు!"

నాగుల్ మీరా గురువు వైపు చూశాడు. ఆయన తాళంలో కిరసనాయిలు పోస్తున్నాడు.

"మెడల్స్ దీన్లోనే ఉంటాయి కదవ్వా? రేపు బల్ల మీద పెడదాం."

తాళం ఊడింది. లోపలన్నీ దారపు ఉండలు. ఒక్కోదానికి ఒక చీటీ. 'బీబీజాన్, కుడికాలు.' 'పెద్దోడు, ఎడమ.' ఒక ఉండని గోటితో గీకితే లోపల తళుక్కుమంది. అట్టముక్క మీద చుట్టినట్టు, మెడల్ మీద దారం చుట్టి పెట్టాడు మహానుభావుడు.

"అయ్యయ్యో, ఇదేం పనవ్వా! కత్తెరుందా?"

అవ్వ అతని చేతి మీద ఒక్కటేసింది. "తెంపావంటే చూడు. అది మా బీబీజాన్ పాదం."

సెలవు అయిపోయి వెళ్ళేముందు ఆయన అందరి పాదాలూ దారంతో కొలుచుకుపోయేవాడట. మళ్ళీ సెలవుకి ఆ కొలతకి చెప్పులు తెచ్చేవాడట.

"ఏడాది తిరిగేసరికి పిల్లల కాళ్ళు ఆగుతాయా? ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క జత సరిపోలేదు నాయనా!"

"మరి చెప్పలేదా ఆయనకి?"

"ఎలా చెప్తాం? అవి వేసుకునే స్టేషనుకెళ్ళి రైలెక్కించేవాళ్ళం. రైలు కనపడినంతసేపూ నవ్వుతూ నిలబడేవాళ్ళం. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి."

"నీ కాళ్ళు పెరగవు కదవ్వా. నీకైనా సరిపోవాలిగా?"

"నా దగ్గరికొచ్చేసరికి కొలత తప్పేవాడు. చెయ్యి వణికేది."

బాజీ తాత పెట్టె మూసి లేచాడు. తిరిగొచ్చే దారిలో బూట్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. సింహం పేజీలు జేబులోకి పోయాయి.

మర్నాడు పందిట్లో జనం. పలావు వాసన. నాగుల్ మీరా బూట్లు విప్పి, మైకు ముందుకెళ్ళి, జేబులో చెయ్యి పెట్టాడు. పేజీలు చేతికి తగిలాయి. ఎదురుగా మొదటి వరసలో ఆరుగురు పిల్లలు. పెద్దది బీబీజాన్‌కి డెబ్భై ఏళ్ళు. చెయ్యి ఖాళీగా బయటికి తీశాడు.

"కాశిం తాత తెచ్చిన చెప్పులు కరిచినవాళ్ళు చేతులెత్తండి."

పందిరంతా బిత్తరపోయింది. బీబీజాన్ మెల్లగా చెయ్యెత్తింది. తర్వాత పెద్దోడు. ఆరు చేతులూ లేచాయి. వెనక నుంచి హుస్సేనమ్మ కేకేసింది.

"నాకు రెండు కాళ్ళూ!"

పందిరి నవ్వుతో ఊగిపోయింది. బీబీజాన్ నవ్వీ నవ్వీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపటికీ తియ్యలేదు.

నాగుల్ మీరా మైకు పెట్టేసి కూర్చున్నాడు. పలావు పొగలు కక్కుతుండగానే వడ్డించారు.

భోజనాలయ్యాక బూట్ల దగ్గర గురువుని పట్టుకున్నాడు. "మరి ఈ పదకొండు పేజీలు ఏం చెయ్యను?"

బాజీ తాత వాటిని తీసుకుని, మడతలు పెట్టి, ఒక బూటులో అయిదు, ఇంకోదాంట్లో ఆరు, వేళ్ళ దగ్గర కుక్కాడు.

"ఇప్పుడు నడువు."

వీధి చివరిదాకా టపటప వినపడలేదు. నాగుల్ మీరా గొంతూ వినపడలేదు.