చేతులెత్తిన కాపలా

కొండవలస రాజావారికి ఏ పూట ఏది తోస్తే అదే శాసనం. ఆ ఏడు కంప్యూటర్లో ఫుట్‌బాల్ జట్టును నడిపే ఆట తోచింది. బంతి తన్నక్కర్లేదు. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పి కూర్చోవడమే. ఆ పని రాజావారికి పుట్టుకతోనే వచ్చు.

అయినా జట్టు వరసగా తొమ్మిది ఆటలు ఓడింది.

కోట భటుల పెద్ద, దళవాయి ఉద్దండరాయుడు మీసం సవరించుకుని ఎత్తు చెప్పాడు. అందరినీ మధ్యలోకి ఇరికించాలి. గోల్ ముందు కాపలా కాసేవాళ్లను సగం మైదానం దాకా ముందుకు తోయాలి. వెనకంతా ఖాళీయే. కానీ బంతి రాకముందే ఎదుటివాడెవడైనా ఆ వరస దాటి నిలబడితే అది ఆఫ్‌సైడ్. మనవాళ్లు చెయ్యెత్తుతారు, ఈల మోగుతుంది, ఆట ఆగుతుంది.

ఆ పూట మూడు గోల్స్‌తో గెలిచారు. ఎదుటి జట్టు పట్టికలో అట్టడుగుదని ఎవరూ అనలేదు.

రాజావారు పొంగిపోయారు. కోట కాపలా కూడా అలాగే పెట్టమన్నారు.

మర్నాడు పొద్దున్నే పదిమంది భటులూ సింహద్వారం లోపల భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. పెరటి గుమ్మానికి ఇక మనిషి అక్కర్లేదన్నారు.

ఆ గుమ్మం పైడమ్మది. మొగుడు పోయాక ఇరవై ఏళ్లుగా ఆవిడే కాస్తోంది. కొలువు పోతే గుమ్మం పక్క గదీ పోతుంది. ఆవిడా కూతురూ ఉండేది అందులోనే.

పైడమ్మ ఏడవలేదు. వెళ్లి, ఆ ఎత్తేమిటో చెప్పమని దళవాయినే అడిగింది. నీకు అర్థం కాదంటూనే ఆయన అరగంట చెప్పాడు. తర్వాత రాజావారిని ఒక్క పూట గడువు అడిగింది. పొద్దు వాలేలోగా తను కోటలోంచి ఏదైనా పట్టుకుపోగలిగితే కొలువు తనకే ఉంచాలంది. దళవాయి నవ్వాడు. రాజావారు సరేనన్నారు.

మధ్యాహ్నం రాజావారు కోట లోపలి చావడిలో, హజారంలో, ఆ ఆటే ఆడుకుంటున్నారు. పైడమ్మ పెరట్లోంచి వచ్చింది. దణ్ణం పెట్టింది. వారి ఎదుట ఉన్న ల్యాప్‌టాప్ మూసి, చంకన పెట్టుకుని, వచ్చిన దారినే నడిచింది. పరిగెత్తను కూడా లేదు.

రాజావారు కేకేశారు. భటులు వెనక్కి తిరిగి చూశారు. వరస చివర నిలబడ్డ దళవాయి చెయ్యెత్తి సైగ చేశాడు. పదిమందీ మళ్లీ సింహద్వారం వైపు తిరిగి, ఒక్కసారే ఒక అడుగు ముందుకేసి, కుడిచేతులు పైకెత్తి, కదలకుండా నిలబడ్డారు.

పైడమ్మ పెరటి గుమ్మం దాటింది. వెనక పరిగెత్తింది రాజావారొక్కరే, కాళ్లకు చెప్పులైనా లేకుండా. సందు మలుపులో దొరికింది. ఆయాసపడుతూ ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చి దళవాయిని నిలదీశారు.

"ఆవిడ మా వరసకి వెనక ఉంది ప్రభూ. ఆఫ్‌సైడ్. అది చెల్లదు," అన్నాడు దళవాయి, ఎత్తిన చెయ్యి దించకుండానే.

"చెల్లకపోతే పట్టుకోవేమయ్యా?"

"ఈల కోసం చూస్తున్నాం ప్రభూ."

రాజావారు పైడమ్మ వైపు చూశారు. ఆవిడ ల్యాప్‌టాప్ రెండు చేతులా అందించి, నెమ్మదిగా అంది:

"ఆటలో అయితే ఈలేసేవాడుంటాడు బాబూ. దొంగతనానికి ఎవడేస్తాడు?"

మొదట భటుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత రాజావారు కడుపు పట్టుకుని నవ్వారు. గుమ్మమూ గదీ పైడమ్మవే అన్నారు. చేతి కడియం తీసిచ్చి, కంప్యూటర్లో జట్టు వెనక కాపలా కూడా ఇకమీదట నువ్వే చూడమన్నారు.

దళవాయి అప్పుడు దించాడు చెయ్యి.