ఏటి మధ్యలో మస్టు

ఆ సంస్థానం దివాను రంగరాయుడుగారు తెల్లదొర దగ్గర రెండు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకొచ్చారు. ‘మస్టు’ అంటే ప్రాణం మీదికొచ్చినా చేసి తీరాలి. ‘షుడ్డు’ అంటే చేస్తే మంచిది, వీలుకాకపోతే మానొచ్చు.

వెంటనే చాటింపు వేయించారు: దివానుగారి ముఖం కనబడితే చేతిలో ఏమున్నా సరే వదిలేసి, రెండు చేతులా దండం పెట్టాలి. మస్టు!

ఆ దండం పెట్టబోయి, దివానుగారి పల్లకీ మోసే ముత్యాలు పెళ్ళాం నీళ్ళకుండ భళ్ళున పగలగొట్టుకుంది.

“బరువు మోసేవాళ్ళకి షుడ్డు చెయ్యండి బాబూ,” అని పల్లకీ ఎత్తుతూ బతిమాలాడు ముత్యాలు.

“మస్టంటే మస్టే! నోరు మూసుకుని నడు,” అన్నారు దివానుగారు.

ఏరు దాటుతుంటే మధ్యలో బోయీలకి నీళ్ళు మొలలోతు వచ్చాయి. ఎంతదాకా వచ్చామో చూద్దామని దివానుగారు తెర తీసి తల బయటపెట్టారు.

“అయ్యో, బాబుగారి ముఖం కనబడిపోయిందర్రా! పల్లకీ వదిలేసి దండం పెట్టండి!” అని తోటివాళ్ళకి కేకేశాడు ముత్యాలు.

పల్లకీ జానెడు కిందికి దిగింది.

“ఆగండ్రా! షుడ్డు, షుడ్డు!” అని అరిచారు దివానుగారు.

“మాకేనా బాబూ, ఊరందరికీనా?”

పల్లకీ ఇంకో జానెడు దిగింది.

“అందరికీరా నాయనా!”

ఆ రోజు ఏట్లో రెండు చేతులా దండం పెట్టింది దివానుగారొక్కరే.