ఎలుగుబంటి వదులు చేసిన తీగ

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక మట్టిగుట్ట, గుట్ట కింద ఒక వాగు. ఇది నవ్వించే కథ కాదర్రా, ముందే చెబుతున్నాను. ఎవరికైనా ఏడుపొస్తే నా పక్కకి జరిగి కూర్చోండి. మధ్యలో లేచి వెళ్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

ఆ గుట్ట మట్టి చాలా మెత్తన. ఒక్క పూటలో బొరియ తవ్వేసుకోవచ్చు. అందుకని కుందేళ్ళు, ముంగిసలు, పందికొక్కులు అందరూ అక్కడే ఇళ్ళు చేసుకున్నారు. గోడకి గోడ ఆనుకుని ఉండేది. ఒకరింట్లో తుమ్మితే పక్కింట్లోంచి "చిరంజీవ" అనేవారు. పిల్లలు ఒకరి బొరియలో దూరి ఇంకొకరి బొరియలోంచి బయటికొచ్చేవారు. చల్లని చోటు, సందడిగా ఉండే చోటు.

ఆ గుట్టకి పెద్ద గుబురయ్య అనే ఎలుగుబంటి. ఒళ్ళంత పెద్దదే అతని మనసు కూడా. తేనెపట్టు దొరికితే ముందు పిల్లలున్న ఇళ్ళకి పంచిపెట్టేవాడు. మిగిలితే తను నాకేవాడు. ఎవరి కంట్లో నీళ్ళు చూసినా తట్టుకోలేకపోయేవాడు.

అక్కడే సూదమ్మ అనే ముసలి ఏదుపంది ఉండేది. ఒళ్ళంతా ముళ్ళు. సూదమ్మకి ఒకటే ధ్యాస, నేలను చూడటం. నీరు ఎక్కడ ఇంకుతోంది, ఏ చెట్టు ఎటు ఒరిగింది, ఏ రాయి కిందటేడు ఎక్కడుంది, ఈ ఏడు ఎక్కడికొచ్చింది, ఇవే చూసేది. అడవిలో ఎక్కడ గుట్ట కూలిందన్నా అంత దూరం నడిచి వెళ్ళి, అది ఎందుకు కూలిందో చూసొచ్చేది.

"తిన్నది అరక్క తిరుగుతోంది" అనేవాడు ఆ ముంగిసల్లో ఒకడు. అతనికి అందరినీ ఎగతాళి చేయడం సరదా.

ఒక ఏడాది వానలు మొదలవబోతుండగా సూదమ్మ అందరినీ గుట్ట పైకి పిలిచింది. అక్కడ నేల మీద పొడుగ్గా ఒక పగులు ఉంది.

"కిందటేడు ఇందులో నా ముల్లు కూడా దూరేది కాదు" అంది సూదమ్మ. "ఇప్పుడు నా మూతి దూరుతోంది."

"అంటే ఏమిటక్కా?" అన్నాడు గుబురయ్య.

"గుట్ట కదులుతోంది తమ్ముడూ. మనం తవ్వీ తవ్వీ లోపలంతా డొల్ల చేశాం. వేళ్ళన్నీ కొరికేశాం. వాననీరు ఈ పగుల్లోకి దిగిందంటే, ఏదో ఒక రోజు మన ఇళ్ళన్నీ వాగులోకి జారిపోతాయి. వాగు అవతల రాతినేల ఉంది. అక్కడికి మారిపోదాం."

"రాతినేలా!" అన్నాడు ముంగిస. "గోళ్ళు ఊడొస్తాయి పెద్దమ్మా. ఒక్క బొరియ తవ్వేసరికి ముసలాళ్ళమైపోతాం."

"వానాకాలం వెళ్ళనీ అక్కా. చూద్దాం" అన్నాడు గుబురయ్య.

"చూద్దాం, చూద్దాం" అన్నారు అందరూ.

ఈ 'చూద్దాం' అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. హోంవర్క్ చేశారా అని అడిగితే మీరూ ఇదే అంటారు.

సూదమ్మ వాదించలేదు. వాళ్ళు మారేదాకా ఏదో ఒక ఏర్పాటు ఉండాలి కదా అని ఆలోచించింది. పగులుకి కింది వైపు, అంటే జారిపోయే వైపు, తన ముళ్ళు గుత్తిగా నేలలోకి దిగగొట్టింది. వాటికి ఒక అడవితీగ కట్టింది. తీగను పగులు మీదుగా పై వైపుకి లాగి, ఒక పుల్లకి కట్టింది. ఆ పుల్ల ఊతంగా ఒక బరువైన రాయి నిలబెట్టింది. రాయి ముందు ఒక డొల్ల దుంగ పెట్టింది.

"పగులు కాస్త పెరిగినా తీగ పుల్లను లాగేస్తుంది" అంది సూదమ్మ. "పుల్ల ఊడితే రాయి దుంగ మీద పడుతుంది. ఆ చప్పుడు గుట్టంతా వినిపిస్తుంది. వినగానే చేతిలో పని వదిలేసి వాగు దాటేయాలి. గుర్తుపెట్టుకోండి. దుంగ మనల్ని కాపాడదు. లేచి పొమ్మని చెబుతుంది, అంతే."

మొదటి వానలు పడ్డాయి. ఒక రోజు పొద్దున్నే దుంగ మోగింది.

'ధన్!'

అందరూ పిల్లాపాపలతో బయటికొచ్చి, నడుముల్లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ వాగు దాటారు. అవతల రాతి మీద రోజంతా తడుస్తూ కూర్చున్నారు. గుట్ట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. సాయంత్రానికి వానా తగ్గింది. అందరూ తిట్టుకుంటూ ఇళ్ళకి వెళ్ళారు.

సూదమ్మ పైకెళ్ళి చూసింది. పగులు కొంచెం పెరిగింది. రాయిని మళ్ళీ నిలబెట్టి, తీగ ముడి విప్పి, కొత్త కొలతకి సరిపోయేలా మళ్ళీ బిగువుగా కట్టింది. గుబురయ్య ఆమెకి తోడుగా వెళ్ళి, ముడి ఎలా విప్పిందో, ఎలా కట్టిందో పక్కనే నిలబడి చూశాడు.

గుట్ట కిందవైపున దూది అనే కుందేలు ఉండేది. పచ్చి బాలింత. ముగ్గురు పిల్లలు. వాళ్ళకి ఇంకా పేర్లు కూడా పెట్టలేదు. అలాంటప్పుడు పొద్దుగూకే వేళ దుంగ రెండోసారి మోగింది.

దూది పిల్లల్ని ఒక్కొక్కరినీ నోట కరుచుకుని వాగు దాటించింది. చివరగా తెచ్చిన చిన్నది మధ్యలో నోట్లోంచి జారి నీళ్ళలో పడింది. దూది మునిగి మళ్ళీ పట్టుకుంది. కానీ అవతల ఒక్క పొడి చోటైనా లేదు. రాతి మీద వాన, కింద నీరు. దూది ఆ పిల్లను పొట్ట కింద పెట్టుకుని ఊదుతూనే ఉంది. తెల్లారేసరికి పిల్ల ఒళ్ళు చల్లబడిపోయింది.

గుట్ట ఈసారీ కూలలేదు.

దూది ఆ పిల్లను తెచ్చి గుబురయ్య ముందు పెట్టింది.

"మామా, గుట్ట నిలబడే ఉంది. నా బిడ్డ పోయింది. నా బిడ్డని ఆ దుంగ చంపింది. ఆ చప్పుడు ఇంకోసారి వింటే నేను బతకను" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తలలూపారు. ముంగిస కూడా ఆ రోజు ఎగతాళి చేయలేదు.

గుబురయ్య సూదమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, ఆ దుంగ తీసేద్దాం" అన్నాడు.

సూదమ్మ కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. "పగులు మళ్ళీ పెరిగింది తమ్ముడూ, తీగ కొత్త కొలతకి కట్టి వచ్చాను. దుంగ నిజమే చెబుతోంది. పిల్ల పోయింది వాగు దాటే దారి లేక. నీకు బలముంది. అదిగో, ఆ పడిపోయిన మద్దిమాను లాక్కొచ్చి వాగు మీద అడ్డంగా వెయ్యి. అవతల రాతి చూరు కింద నిలిచే నీటికి దారి తీసి, ఎండాకులు పోసి పెడదాం. అప్పుడు ఎన్నిసార్లు మోగినా ఒక్క పిల్ల కూడా తడవదు."

"మంచి మాట చెప్పావక్కా" అన్నాడు గుబురయ్య. అని, ఊరుకోకుండా, "చూద్దాం" అని కూడా అన్నాడు.

మద్దిమాను దాకా వెళ్ళాడు. దాన్ని ఒకసారి కదిపి చూశాడు. బరువుగా ఉంది. వాన పడుతోంది, కాళ్ళ కింద బురద. దూది ఏడుపు అక్కడిదాకా వినిపిస్తోంది. ఏదో ఒకటి వెంటనే చేయాలనిపించింది. తీగ అయితే తేలిక. మానుని వదిలేసి గుట్ట పైకి ఎక్కాడు.

సూదమ్మ కట్టిన ముడి విప్పాడు. తన చేయంత పొడుగు తీగ దానికి కలిపాడు. మళ్ళీ ముడి వేశాడు. వదులుగా వేలాడే తీగ కనబడకుండా పైన ఆకులు కప్పాడు. దుంగ అక్కడే ఉంది, రాయి అక్కడే ఉంది. ఇక పగులు ఎంత పెరిగినా ఇప్పట్లో మోగదు.

ఏమిటి? ఎలుగుబంటి చెడ్డవాడా అంటావా? కాదు తల్లీ. చెడ్డవాడైతే నాకు ఈ కథ చెప్పడం ఇంత కష్టంగా ఉండేది కాదు.

గుబురయ్య కిందికి దిగి, దూది తల నిమిరాడు. "దుంగ ఇక నిన్ను లేపదు తల్లీ. హాయిగా పడుకో" అన్నాడు. దూది ఎందుకని అడగలేదు. చాలా రోజుల తరవాత కంటి నిండా నిద్రపోయింది. మిగిలిన ఇద్దరికీ పేర్లు పెట్టింది. ఒకడు జొన్న, ఒకతె సజ్జ.

తరవాత పట్టింది అసలైన ముసురు. ఆకాశం తెరిపివ్వలేదు. దుంగ మాత్రం ఒక్కసారీ మోగలేదు.

"చూశారా, గుట్ట సర్దుకుంది" అన్నాడు ముంగిస. సంతోషం కొద్దీ ఇంకో గది తవ్వుకున్నాడు.

సూదమ్మకి ఒక్కదానికే మనసు మనసులో లేదు. తేమకి కీళ్ళు పట్టేసి, ఆ బురదలో పైకెక్కలేకపోతోంది. కుంటుకుంటూ గుబురయ్య ఇంటికి వచ్చింది.

"తమ్ముడూ, చిన్న వానకే మోగిన దుంగ ఇంత ముసురులో మోగలేదేమిటి? నాకేదో తేడాగా ఉంది. నా కాళ్ళు రావడం లేదు. నువ్వు పైకెళ్ళి చూశావా? తీగ బిగువుగానే ఉందా?"

వినండర్రా, అప్పటికి ఇంకా సమయం ఉంది. ఒక్క మాట చెబితే చాలు. 'తప్పు చేశానక్కా' అంటే చాలు. అందరూ లేచి వెళ్ళిపోయేవారు. కానీ గుబురయ్యకి సిగ్గేసింది. దూది ముఖం గుర్తొచ్చింది. ఇప్పుడిప్పుడే నిద్రపోతోంది కదా, మళ్ళీ దాన్ని నీళ్ళలోకి దించాలా అనిపించింది.

"బిగువుగానే ఉందక్కా. పొద్దున్నే చూశాను" అన్నాడు.

"నువ్వు చూశావా? అయితే సరే" అంది సూదమ్మ. నమ్మింది. నమ్మి ఇంటికి వెళ్ళింది.

మధ్యాహ్నం వాన కాస్త తగ్గింది. జొన్నకీ సజ్జకీ తేనె తెద్దామని గుబురయ్య వాగు దాటాడు. అవతలి గట్టు ఎక్కుతుండగా వెనక దుంగ మోగింది.

'ధన్!'

గుబురయ్య వెనక్కి తిరిగాడు. గుట్ట ముందుకి వస్తోంది. చెట్లు నిలబడినవి నిలబడినట్టే కిందికి నడిచి వస్తున్నాయి. దుంగ మోగడం, గుట్ట జారడం రెండూ ఒక్కసారే జరిగాయి. పగులు రోజురోజుకీ పెరుగుతూనే ఉంది. అతను కలిపిన చేయంత తీగ అన్నాళ్ళూ వదులిస్తూ వచ్చింది. అది పూర్తిగా బిగిసేసరికి గుట్టకి నిలబడే ఓపిక అయిపోయింది.

అంచున రాళ్ళ మధ్య ఇళ్ళున్నవాళ్ళు బతికారు. మేతకి పోయినవాళ్ళు బతికారు. సూదమ్మని బురదలోంచి సగం ప్రాణంతో లాగారు. ముంగిస కొత్త గదిలోనే ఉండిపోయాడు.

దూదిని చివరిగా చూసింది సూదమ్మే. దుంగ మోగిన వెంటనే దూది లేచింది. విసుక్కోలేదు, ఆలోచించలేదు. జొన్నని నోట కరుచుకుని, సజ్జని ముందుకి తోస్తూ గుమ్మంలోకి వచ్చింది. సూదమ్మ చూసింది అంతవరకే.

గుబురయ్య ఆ బురదంతా తవ్వాడు. గోళ్ళు చిట్లి రక్తం కారినా తవ్వాడు. ఎవరూ దొరకలేదు. చీకటి పడే ముందు సూదమ్మ అతని పక్కన వచ్చి కూర్చుంది.

"తీగ ముట్టుకున్నావా తమ్ముడూ?"

"ముట్టుకున్నానక్కా. దూది ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"ఈ పొద్దున నేను అడిగాను కదా."

సూదమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేదేమో. ఇద్దరూ వాగు వైపు చూస్తూ ఏడ్చారు.

మర్నాడు గుబురయ్య మద్దిమాను దగ్గరికి వెళ్ళాడు. భుజం ఆనించి తోశాడు. లాగాడు. వాగు మీద అడ్డంగా వేశాడు. కదలకుండా రెండు వైపులా రాళ్ళు పేర్చాడు. పొద్దెక్కే లోపే పని అయిపోయింది. అంత చిన్న పని అది.

బతికినవాళ్ళు రాతినేలలో, గోళ్ళు అరిగినా సరే, ఇళ్ళు తవ్వుకున్నారు. అక్కడ ఏ గట్టు పైన పగులు కనిపించినా సూదమ్మ ముళ్ళు గుచ్చేది, తీగ కట్టేది. దుంగ మోగితే గుబురయ్యే ముందు పరిగెత్తేవాడు. పసిపిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని, ఎండాకులు పోసిన చోటికి చేర్చేవాడు. ఒట్టి మోతే అని తేలినా ఎవరినీ గొణగనిచ్చేవాడు కాదు.

వాగు మీది మాను మాత్రం అలాగే ఉంది. గట్టిగా, పొడిగా, వెడల్పుగా ఉంది. ఎంత చిన్న పిల్లయినా తడవకుండా దాటొచ్చు. అటు నుంచి దాటి రావలసిన వాళ్ళే లేరు.

కథ ఇంకా ఆ మాను దగ్గరే కూర్చుని ఉంది. మనం లేచి అన్నాలు తిందాం.

నీతి: హెచ్చరిక వల్ల కష్టం కలిగితే ఆ కష్టాన్ని తీర్చే దారి వెయ్యాలి, హెచ్చరికను మాత్రం వదులు చేయకూడదు.