కొట్టమంటావా అని అడిగిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. మంచివాడే పాపం. కానీ ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఆయన్ని ఎక్కువసేపు చూడలేరు, రాయి అయిపోతాడు. కంగారు పడకండి, చివరికి లేస్తాడు.

ఆయన ఏలిన రాజ్యం పేరు రాతిగట్టు. అక్కడ ఎటు చూసినా రాళ్లే, ఎవర్ని చూసినా రాతిపనివాళ్లే. రోళ్లు చేసేవాళ్లు, తిరగళ్లు చేసేవాళ్లు, గడప రాళ్లు చెక్కేవాళ్లు. వాళ్లకొక ఆచారం ఉండేది. ఏ రాయినైనా కొట్టేముందు వేలి కణుపులతో మూడుసార్లు తట్టి, చెవి ఆనించి, "కొట్టమంటావా?" అని అడిగేవారు. రాయి ఖంగుమంటే గట్టిదని, మొద్దుగా మోగితే లోపల పగులుందని లెక్క. పనికి పని, మర్యాదకు మర్యాద. పిల్లలు చింతకాయలు రాల్చబోయే ముందు చెట్టును కూడా తట్టి అడిగేవారు. చెట్టు ఏం చెబుతుంది, ఏమీ చెప్పదు. అయినా అడిగేవారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, నడిపివాడు జయకేతు, చిన్నవాడు సుకేతు. ముగ్గురూ అడవిలో గురువుగారి దగ్గర చదువుకుంటున్నప్పుడు, రాతిగట్టుకు ఉగ్రదత్తుడనే మాంత్రికుడు వచ్చాడు. గుప్పెడు బూడిద తీసి రాజుమీద చల్లాడు. రాజు రాయి అయ్యాడు. మాంత్రికుడు సింహాసనం ఎక్కి కూర్చున్నాడు.

ఆ తరువాత కాదన్నవాళ్లందరూ రాళ్లయ్యారు. అవునన్నవాళ్లలో కొందరు, ఆలస్యంగా అన్నారని రాళ్లయ్యారు. కోట ముందు మైదానం నిండా రాళ్లే. అప్పుడు ఉగ్రదత్తుడికి కోట చుట్టూ ఒక గోడ కట్టించాలని బుద్ధి పుట్టింది. గోడతోపాటు ఒక చట్టం కూడా చేశాడు. "రాయిని తట్టకూడదు, అడగకూడదు, వినకూడదు. రాయి కనబడితే కొట్టాలి, అంతే."

ఎందుకో తెలుసా? తట్టి వింటే ఏ రాతిలో గుండె కొట్టుకుంటోందో తెలిసిపోతుంది కదా.

రాతిగట్టులో గురవయ్య అని పెద్ద మేస్త్రి ఉండేవాడు. ఆయన వెనక భటులు కత్తులు దూసి నిలబడ్డారు. గురవయ్యకు భయం వేసింది. తట్టలేదు, అడగలేదు, వినలేదు. సమ్మెట ఎత్తి కొట్టాడు. రాయి రెండుగా విడిపోయింది. లోపల ఒక వెండి తాయెత్తు మెరిసింది. అది తన కొడుకు పోలయ్య మెడలో తన చేత్తో తనే కట్టిన తాయెత్తు.

ఆ రోజునుంచీ గురవయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. అలా తట్టకుండా పగలగొట్టిన మనిషి రాళ్లు మొత్తం పదమూడు. ఆ పదమూడూ గోడలో ఉన్నాయి.

ఇక రాకుమారుల సంగతి. కబురు తెలిసి ముగ్గురూ పరుగున వచ్చారు. రణకేతు కత్తి పట్టుకుని వెళ్లాడు. ఒక వేటు, రెండు వేట్లు, మూడు వేట్లు వేశాడు. మాంత్రికుడు ఆవలించాడు. రణకేతు రాయి అయ్యాడు. జయకేతు విల్లు పట్టుకుని వెళ్లాడు. ఒక బాణం, రెండు బాణాలు, మూడు బాణాలు వేశాడు. మాంత్రికుడు అందులో ఒకటి ఊడబెరికి దాంతో వీపు గోక్కున్నాడు. జయకేతు రాయి అయ్యాడు.

సుకేతు కూడా బయలుదేరాడు. రాతిగని దగ్గర ఒక అమ్మాయి అడ్డం వచ్చింది. ఆమె పేరు పైడి, గురవయ్య కూతురు. మాంత్రికుడు తన విగ్రహం చెక్కమని ఆమెనే పురమాయించాడు.

"మీరూ వెళ్లి రాయైపోతే ఏం లాభం బాబూ? కాస్త ఆగి నేను చెప్పేది వినండి," అంది పైడి. "కొలతలు తీస్తూ, అలవాటు కొద్దీ వాడి ఛాతీమీద తట్టాను. ఖాళీ కుండ మోగినట్టు మోగింది. లోపల గుండె చప్పుడు లేదు. వాడి ప్రాణం ఇంకెక్కడో ఉంది."

"ఎక్కడుంటుంది?"

"అది తెలీదు. కానీ రోజూ మధ్యాహ్నం ఏమీ తినకుండానే నోరు చప్పరించి, ఇవాళ జామకాయ వగరుగా ఉంది అంటాడు. మొన్నొకసారి, మిరపకాయ మంచి కారంగా ఉంది అన్నాడు. పడమటి సముద్రం వైపు చూసి మరీ అంటాడు."

జామకాయలు, మిరపకాయలు తినేది ఎవరో మీకు తెలిసిపోయింది కదూ? సుకేతుకూ తెలిసిపోయింది.

పైడి దారికి అటుకులు, బెల్లం మూట కట్టి ఇచ్చింది. "ఆ చిలకను ఇక్కడికి పట్టుకురండి. అక్కడ చంపకండి. దాని మెడ నేనే విరుస్తాను. మా అన్నయ్య కోసం," అంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. భటులు సరదాకి తిరగేసి పోయారట. సుకేతు దాన్ని బోర్లా తిప్పి, ఒంటికంటిన ఇసుక దులిపాడు. తాబేలు, "ఎక్కడికి అబ్బాయ్?" అంది. చిలక సంగతి చెప్పాడు. "ఎక్కు. కానీ తొందరపెట్టకూడదు," అంది తాబేలు.

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం దగ్గర తాబేలు రెండు రోజులు ఎక్కువ ఆగింది, ఎందుకో నేను చెప్పను. నేతి సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. మంచినీళ్ల సముద్రం దాటేసరికి ఒక దీవి వచ్చింది. దీవిలో ఒకే ఒక జామచెట్టు, దాని పక్కన ఒక మిరప మొక్క. చెట్టుకు ఇనప పంజరం. పంజరంలో చిలక.

చిలక అంటే పచ్చగా, నిగనిగలాడుతూ ఉంటుందనుకున్నారా? సుకేతు కూడా అలాగే అనుకున్నాడు. అది బోడి చిలక. ఒంటిమీద లెక్కపెడితే పదకొండు ఈకలున్నాయి. చలికి ఒణుకుతోంది.

దాన్ని చూడగానే సుకేతుకు తండ్రి గుర్తొచ్చాడు. అన్నలిద్దరూ గుర్తొచ్చారు. పైడి మాట మరిచిపోయాడు. పంజరంలో చెయ్యి పెట్టి చిలక మెడ పట్టుకున్నాడు. ఒక్క నిమిషం చాలు. కానీ రాతిగట్టులో పుట్టినవాడు కదా, రెండో చెయ్యి దానంతటదే లేచి పంజరాన్ని మూడుసార్లు తట్టింది. నోరు దానంతటదే అడిగింది.

"కొట్టమంటావా?"

రాళ్లు ఎన్నడూ జవాబు చెప్పలేదు. చెట్లు ఎన్నడూ చెప్పలేదు. చిలక చెప్పింది.

"వద్దు నాయనా."

సుకేతు చెయ్యి వదులైపోయింది. జవాబొస్తే ఏం చెయ్యాలో ఎవరూ అతనికి నేర్పలేదు.

"నిన్ను చంపితే గానీ వాడు చావడు," అన్నాడు మెల్లిగా.

"నిజమే. కానీ వాడు చేసిన వాటిలో నేను చేసిందేముంది? నన్ను వాడి తల్లి పెంచింది. వాడికి ఏడేళ్లప్పుడు ఆ తల్లి పోయింది. గుండె నొప్పెడుతోందని మూడు రోజులు ఏడ్చాడు. ఇంకెప్పుడూ నొప్పి పుట్టకూడదని, నేర్చుకున్న మొదటి మంత్రంతోనే ప్రాణం తీసి నాలో దాచాడు. నన్నడగలేదు. అప్పటినుంచీ మా దత్తుకు ఏ నొప్పీ తెలీదు. వాడు ఒకర్ని రాయి చేసినప్పుడల్లా ఆ నొప్పి నాకొస్తుంది. ఒక ఈక రాలిపోతుంది."

చిలక మాట ముగించేలోపే ఒక ఈక రాలింది. చిలక కళ్లు మూసుకుని బిగుసుకుపోయింది. రాతిగట్టులో ఎవరో ఇప్పుడే రాయి అయ్యారు. సుకేతు ఉత్తరీయం తీసి దానికి కప్పాడు.

"వాడి ప్రాణం వాడికే ఇచ్చేయకూడదూ?" అని అడిగాడు.

"ఎదురుగా తీసుకెళ్తే ఇచ్చేస్తాను. మోసి మోసి అలిసిపోయాను. కానీ అప్పుడు వాడు అందరిలాంటి మనిషైపోతాడు. దెబ్బ తగిలితే చచ్చిపోతాడు. మీవాళ్లు వాణ్ని ఏం చేస్తారు?"

"తెలీదు," అన్నాడు సుకేతు. అబద్ధం చెప్పడం అతనికి రాదు.

"అయితే ఒక్క మాటివ్వు. నన్ను అడిగినట్టే వాణ్ని కూడా అడగాలి. అడగకుండా కొట్టనివ్వకు."

సుకేతు మాటిచ్చాడు. ఏడు సముద్రాలూ మళ్లీ దాటారు. దారిపొడుగునా చిలక అతని ఉత్తరీయంలోనే పడుకుంది. అటుకులు నానబెట్టి దానికి తినిపించాడు. ఒడ్డు చేరేసరికి మూడు ఈకలే మిగిలాయి.

సుకేతు పైడి దగ్గర ఆగకుండా తిన్నగా కొలువులోకి నడిచాడు. ఉగ్రదత్తుడు బూడిద పిడికిట్లోకి తీసుకుని చెయ్యెత్తాడు. అప్పుడు సుకేతు భుజంమీద చిలకను చూశాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. బూడిద చల్లితే చిలకమీద పడుతుంది.

చిలక భుజం దిగి, మెట్లెక్కి, సింహాసనం చేతిమీదికి పాకింది. "దత్తూ, నోరు తెరువు," అంది. వాడి తల్లి ముద్ద పెట్టేటప్పుడు అలాగే అనేది. అంత పెద్ద మాంత్రికుడూ నోరు తెరిచాడు. చిలక వాడి నోటిదగ్గర ముక్కు పెట్టి, ప్రాణం వాడిది వాడికి ఇచ్చేసింది.

వాడు రెండు చేతులతో గుండె పట్టుకున్నాడు. ఇన్నేళ్ల నొప్పి ఒక్కసారిగా వచ్చింది. "అమ్మా," అంటూ నేలమీద ముడుచుకుపోయాడు. అది చూసి భటులు కత్తులు కింద పెట్టేశారు.

కబురు ఊరంతా పాకింది. జనం సమ్మెటలు, గునపాలు పట్టుకుని వచ్చారు. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోండి. రాళ్లయినవాళ్లు మళ్లీ లేస్తారని అప్పటికి ఎవరికీ తెలీదు. సుకేతుకు కూడా తెలీదు. అయినా అతను వాడికీ జనానికీ మధ్య నిలబడ్డాడు.

"ముందు తట్టండి. అడగండి. వినండి," అన్నాడు.

"వాడు మనల్ని అడిగి కొట్టించాడా?" అన్నారు జనం.

"లేదు. తట్టొద్దన్నది వాడి చట్టం. మన చట్టం కాదు. మా నాన్న రాయి, మా అన్నలిద్దరూ రాళ్లు. నాకూ కొట్టాలనే ఉంది. విన్నాక కూడా కొట్టాలనిపిస్తే నేను అడ్డం రాను."

జనంలోంచి గురవయ్య ముందుకొచ్చాడు. అందరూ తప్పుకున్నారు. మొదటి దెబ్బ ఆయనదేనని ఎవరూ కాదనలేదు. ఆయన సమ్మెట పక్కన పెట్టి వంగబోయాడు.

"నాన్నా, వినకు. వింటే కొట్టలేవు," అంది పైడి.

"అందుకే వింటున్నా తల్లీ," అన్నాడు గురవయ్య. కొడుకు పోయాక ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

వాడి ఛాతీమీద కణుపులతో మూడుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు. "కొట్టమంటావా?" అని అడిగాడు. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. లోపల గుండె చప్పుడు వినిపించింది. గురవయ్య చాలాసేపు విన్నాడు.

"ఆరోజు నేను వినలేదు. విని ఉంటే మా పోలయ్య బతికేవాడు," అన్నాడు చివరికి. "ఇవాళ విన్నాను. ఇంక నావల్ల కాదు. వీణ్ని క్షమించానని మాత్రం ఎవరూ అనకండి."

పైడి గబగబా వచ్చి సమ్మెట ఎత్తింది. తట్టలేదు, తడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తట్టకుండా కొట్టాలని చూసింది. కానీ తట్టకుండా కొట్టిన తండ్రి ఇన్నాళ్లూ ఎలా మూగబోయాడో ఆమె ఇంట్లో రోజూ చూసింది. సమ్మెట విసిరేసి కూలబడి, అన్నయ్య పోయాక మొదటిసారి ఏడ్చింది. తండ్రి ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు.

అప్పుడు దత్తు కదిలాడు. ఇకనుంచీ వాణ్ని అలాగే పిలుద్దాం, ఉగ్రం పోయింది కదా. పాకుతూ మైదానంలోకి వెళ్లి, మొదటి రాయిని కణుపులతో మూడుసార్లు తట్టి, రాజుగారి పేరు పెట్టి పిలిచాడు. రాయి చెమర్చింది, మెత్తబడింది, రాజుగారై లేచి నిలబడింది. రణకేతు లేచాడు. జయకేతు లేచాడు. ఎవరెవర్ని రాయి చేశాడో ప్రతి పేరూ వాడికి గుర్తుంది. మూడు రోజులు పిలిచాడు. ఒకరు లేచినప్పుడల్లా చిలకకు ఒక ఈక మొలిచింది.

ఆఖరికి గోడ దగ్గరికొచ్చాడు. తట్టాడు, పిలిచాడు. పలకలేదు. వేళ్లు నెత్తురోడేదాకా తట్టాడు. ఆ పదమూడు మందీ పలకలేదు. చిలక రెక్కలో పదమూడు ఈకల మేర బోడిగానే ఉండిపోయింది.

"వీణ్ని ఏం చేద్దాం?" అని రాజుగారు గురవయ్యనే అడిగాడు.

"ఈ గోడ దగ్గరే ఉండాలి. పొద్దున్నే లేచి పదమూడు మందినీ పేరుపేరునా పిలవాలి. పలకరని తెలిసినా పిలవాలి," అన్నాడు గురవయ్య.

రాజుగారు, "ఇక ఏలడానికి నాకు ఓపిక లేదు," అన్నాడు. అన్నలిద్దరూ, "మాకు కొట్టడమే వచ్చు," అన్నారు. అలా సుకేతుకు పట్టం కట్టారు. సుకేతు గురవయ్య ఇంటికి వెళ్లి తలుపు మూడుసార్లు తట్టి, "పెళ్లి చేసుకోమంటావా?" అని అడిగాడు. పైడి లోపలినుంచి, "ఆలోచించుకోనివ్వండి," అంది. మూడు నెలలు ఆలోచించుకుని సరేనంది. పెళ్లికి తాబేలు కూడా బయలుదేరింది గానీ, చేరేసరికి వాళ్లకు ఇద్దరు పిల్లలు. వాళ్లు చాలాకాలం రాజ్యమేలారు. ఎవర్ని శిక్షించాల్సి వచ్చినా ముందు తట్టి విన్నారు.

దత్తు ఇరవై ఏళ్లు గోడ దగ్గరే ఉన్నాడు. రోజూ పిలిచాడు. పైడి ఆ దారిన వెళ్లేది గానీ, వాడితో ఒక్క మాటా మాట్లాడలేదు. గురవయ్య మాత్రం ముసలితనంలో ఆ గోడ దగ్గరికొచ్చి, పోలయ్య పేరు వచ్చేదాకా కూర్చుని వెళ్లేవాడు. ఒక పొద్దున దత్తు లేవలేదు. ఊరివాళ్లు పాడె కట్టి, అందరికీ చేసినట్టే చేశారు.

మర్నాడు పొద్దున పిలిచేవాళ్లు లేక గోడ బోసిపోయింది. అప్పుడు పైడి, రాణిగారు, నడుచుకుంటూ వచ్చింది. రాళ్లను తట్టి ఒక్కొక్క పేరే పిలిచింది. పోలయ్య పేరు కూడా పిలిచింది. పదమూడూ అయ్యాయి. గోడమీద కూర్చున్న చిలక ఆమెవైపు చూసింది.

"దత్తూ," అని పిలిచింది చిలక.

పైడి వద్దనలేదు. చిలక పిలవడం అయ్యేదాకా నిలబడి, దాన్ని భుజంమీద ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయింది. ఇదీ కథ. కథ వాళ్లింటికి వెళ్లింది, ఇక మీరూ లేచి ఇళ్లకు పదండి.